సరోజ విన్న నవలలు

హలో… ఆఁ, నేనేనండీ, ఎలీసబెతుని… ఎవరూ, రాజబాబు బావా? చెప్పండి బావా.

… వినపడుతోంది. మిల్లు ఫోనులోంచి మాట్లాడుతున్నారా? చప్పుడు ఎక్కువగా ఉంది. కాస్త గట్టిగా చెప్పండి…

… ఆదివారం జ్ఞాపకార్థ కూడికకి మీరు అప్పగించిన పనులా. అయ్యాయి. వరసగా చెప్తాను, వినండి. కోడూరు కబురు పంపాను, నాన్నకి అందింది. గుడి గోడలకి సున్నం వేయించాను. బెంచీలు చాలవని మా స్కూల్లో అడిగి కొన్ని బండి మీద పంపించాను. పెట్రొమాక్సు లైట్లకి చెప్పాను. టీ గ్లాసులు ఎక్కడెక్కడివో పోగుచేశాను. పాస్టరు గారిని బస్సు దగ్గర్నుంచి తీసుకురావడానికి మనిషిని పెట్టాను. పాటలు మీరు చెప్పినవే. ఆస్పత్రి నుంచి అక్క బట్టలు తెచ్చేశాను. పరుపు కాల్పించాను…

… లేదు, పరుపు సంగతి మీరు చెప్పలేదు. ఎవరూ చెప్పలేదు. క్షయ రోగి పరుపు ఎవరో ఒకరు కాల్చాలి కదా.

… ఆఁ. మిగిలింది అదొక్కటే. కార్డు.

… అవును, ఆపించింది నేనే. ప్రెస్సు శోభనాద్రి గారిని ఏమీ అనకండి. పొద్దున నేను వచ్చేసరికి ఆయన కార్డు మిషను ఎక్కించబోతుంటే, నేనే ఆపమన్నాను. ఆయన మర్యాదస్తుడు కాబట్టి మిల్లుకి ఫోను చేసి మీకు చెప్పాడు. ఇప్పుడు కూడా పక్కనే నిలబడి, వినపడనట్టు గోడకేసి చూస్తున్నాడు, పాపం.

… అచ్చుతప్పు కాదు.

… కాదు బావా, కంపోజిటరు తప్పేమీ లేదు. మీరు రాసి పంపింది పొల్లుపోకుండా కూర్చాడు. ప్రూఫు నా చేతిలోనే ఉంది. చదవమంటారా?… మీరు రాసిందే కావచ్చు. ఒకసారి వినండి. 'గుడివాడ సంఘ ఉపాధ్యాయులు రాజబాబు గారి భార్య సరోజమ్మ, నెల దినములు రోగశయ్యపై వాక్యపఠనమందే గడిపి, ప్రభువా నీ దాసురాలిని చేర్చుకొనుము అని పలికి, ప్రభువునందు నిద్రించెను.'

… బాగానే ఉంది. మీ పేరు సరిగ్గా ఉంది. భార్య అన్నది సరిగ్గా ఉంది. నిద్రించెను అన్నదీ నిజమే, నేనే కళ్లు మూశాను. మధ్యలోదే… ఆ మధ్యలోది జరగలేదు.

… తెలుసు. మన వాళ్ల జ్ఞాపకార్థ కార్డు మీద చివరి మాట ఉండాలి. తాతమ్మ కార్డు మీద ఉంది. కృపానందం గారి కార్డు మీద ఉంది. నిరుడు సూరయ్య గారు నిద్రలో పోయాడు, ఇంట్లో వాళ్లకి తెల్లారేదాకా తెలియలేదు. కార్డు మీద మాత్రం ఆయన రెండు వచనాలు పలికాడు.

… వెటకారం కాదు. నేను చూసిందే చెప్తున్నాను.

… మీరు లేరు బావా. నేనున్నాను. నెలరోజులు సెలవు పెట్టి, ఆ మంచం పక్కన స్టూలు మీద కూచున్నది నేను. అక్క ఏం పలికిందో నన్ను అడగకుండా మీరు అచ్చుకిచ్చారు. అదొక్కటే నా మాట.

… చదివాం. పొద్దున ఒక కీర్తన చదివేదాన్ని. వినేది. వద్దని ఎన్నడూ అనలేదు. అయిపోగానే 'సరే, ఇంక అది తియ్యవే' అనేది. నెలంతా చదివింది అదీ బావా. నవలలు.

… నవలలే. అద్దె పుస్తకాల కొట్టువి. బస్టాండు దగ్గర, బడ్డీలాంటి కొట్టు. ప్రేమ నవలలు ఎక్కువ. ఒకటి రెండు హత్యలవీ, కొన్ని బెంగాలీ నుంచి వచ్చినవీ. రెండేసి తెచ్చి, గట్టిగా చదివి వినిపించాను.

… నేనే. నేను చదివాను. బీఏ పాసయినదాన్నే. అంతకుముందు పాఠ్యపుస్తకం కానిది ముట్టుకోలేదు, నవల చదివితే ఆడపిల్ల చెడిపోతుందని మీరంతా చెప్పగా విన్నాను కదా. నెలరోజులు వరసపెట్టి చదివాను. చెడిపోలేదు. కోపం వచ్చింది.

… ఆపరేటరు ఏదో అంటోంది… ఆఁ, అమ్మా… బావా, మూడు నిమిషాలయిందట. పొడిగిస్తారా, పెట్టేస్తారా?… సరే, మీ ఇష్టమే. పొడిగించమనండి.

… ఎందుకు కోపమా. వాటిల్లో ఎవరూ బేసిను కడగరు, అందుకు. నవల్లో క్షయ వచ్చిన అమ్మాయి ఒకసారి దగ్గుతుంది. తెల్ల రుమాలు మీద ఒక్క ఎర్ర చుక్క. అతను ఆ రుమాలు జేబులో పెట్టుకుని కంటతడి పెడతాడు. ఆ పేజీ అక్కకి చదివి వినిపించి, లేచి వెళ్లి అక్క బేసిను కడిగాను నేను. అలాంటి పేజీలు ఎన్ని చదివానో చెప్పలేను.

… బెంగాలీ వాటిల్లో మగవాళ్లందరికీ జ్వరం వస్తుంది. ఆడవాళ్లు తలాపున కూచుని విసురుతూ ఉంటారు. అక్క పక్క మంచం ఆవిడ, సీతమ్మ గారని, బంటుమిల్లి ఆవిడ, వినీ వినీ అడిగింది. 'ఏమ్మా, ఇన్ని పుస్తకాలు చదివావు, ఒక్క మొగాడన్నా పెళ్లానికి విసిరాడా అందులో?' అని. వెతికాను. లేడు.

… వార్డంతా విన్నారు. ముందు చెవిలో చెప్పినట్టు చదివేదాన్ని. సీతమ్మ గారే, 'గట్టిగా చదవవే అమ్మాయ్, నేనేమన్నా నీ పగదాన్నా?' అంది. ఆవిడకి కథానాయకుడు ఎవరూ నచ్చేవాడు కాదు. వాడు తోటలో పాటలు పాడుతుంటే, 'వీడికి పొలమూ లేదా, పనీ లేదా? వీళ్ల నాన్న ఏం చేస్తున్నాడు?' అనేది. హత్య నవల్లో మాత్రం సగంలోనే హంతకుణ్ణి పట్టేసింది. అక్క నవ్వి నవ్వి, దగ్గు ఆగక, నర్సు వచ్చి నన్ను తిట్టింది.

… నవ్వింది బావా. చనిపోయే మనిషి నవ్వకూడదని ఎక్కడుంది?

… మనవాళ్లా. ఉన్నారు, ఒక్కచోట. ఎలీసబెతు అన్న పేరు ఒకే ఒక్క నవల్లో కనపడింది. చదువుతూ నేనే ఉలిక్కిపడ్డాను. నర్సు. వస్తుంది, థర్మామీటరు పెడుతుంది, తీస్తుంది, వెళ్లిపోతుంది. మళ్లీ రాదు. మన పేట లేదు, మన కోడూరు లేదు, నడుం వంచి నాటు వేసిన మనిషి లేదు. వాళ్లందరికీ మేడలు, మోటారు కార్లు. 'పోనీలేవే, ఉన్నవాళ్ల ఏడుపులు మనమూ ఒకసారి చూద్దాం' అనేది అక్క.

… అదే చెప్తున్నాను, అక్కకి ఎందుకంత ఇష్టమో. నన్ను బడికి పంపడానికి అక్కని ఐదో తరగతిలో మాన్పించారు, అది మీకు తెలిసిందే. తర్వాత అక్క చదివిందల్లా, ఒక్క పుస్తకం తప్ప, పొట్లం కాగితాలే. బెల్లం కట్టిన కాగితం, శనగపప్పు కట్టిన కాగితం. వారపత్రికల్లో సీరియల్ ముక్కలు. ముందేం జరిగిందో తెలియదు, తర్వాతేం జరిగిందో తెలియదు. పొట్లం విప్పి, పప్పు డబ్బాలో పోసి, కాగితం సాపు చేసుకుని చదివేది. 'ఒక్క కథన్నా మొదలుపెట్టిన చోటునుంచి చివరిదాకా వినాలే ఎలీసా' అంది, ఆస్పత్రిలో చేరిన రోజునే. డాక్టరు ఏమన్నాడో కూడా అడగలేదు. అది అడిగింది.

… మీకు తెలియదా. మీ ఇంట్లోనే కదా ఉంది ఇన్నేళ్లూ.

… లేదు, సాధించడం లేదు. సరే, ఒకటి అడుగుతాను. మీ పెళ్లయిన కొత్తలో, గుడివాడలో, అక్క పొయ్యి ముందు కూచుని ఒక పుస్తకం చదువుతోంది. మీరు లాక్కుని వెళ్లి కాలవలో పారేశారు. గుర్తుందా?

… ఉంది కదా.

… మంచికే చేసి ఉంటారు. ఉపాధ్యాయుడి ఇంట్లో నవలలేమిటని సంఘం వాళ్లు అంటారనే చేసి ఉంటారు. అక్క కూడా అలాగే అంది. మిమ్మల్ని ఒక్క మాట అనలేదు. కాని ఆ కథ అక్కకి సగంలో ఆగిపోయింది బావా. అందులో ఒక పిల్ల, అత్తవారింట్లో పడలేక, బట్టల పెట్టె చేత్తో పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడి ఉంటుంది. అక్కడుండగా మీరు లాక్కున్నారు. ఏడేళ్లపాటు ఆ పిల్ల అక్కకి ఆ గుమ్మం దగ్గరే నిలబడి ఉంది.

… వెతికాను. అక్క అడిగింది. పేరు సరిగ్గా గుర్తులేదు, కథ చెప్పింది. నేను కథ చెప్తుంటే కొట్టు ఆయన నవ్వి, 'అమ్మా, అన్ని పుస్తకాల్లోనూ ఆ పిల్లే ఉంటుంది' అన్నాడు. రోజూ పోయి అడిగాను. ఆఖరికి అడుగునుంచి ఒకటి తీసిచ్చాడు. అట్ట లేదు. తెచ్చి మొదటినుంచి చదివాను. అక్క దిండుకి ఆనుకుని, దుప్పటి మీద చేతులు పెట్టుకుని, బడిపిల్ల కూచున్నట్టు కూచుని వింది. పిల్ల గుమ్మం దగ్గరికి వచ్చింది. పెట్టె పట్టుకుంది. పేజీ తిప్పాను.

… లేవు. చివరి పేజీలు లేవు. ఎవరో చించేశారు. ఏ కొట్టువాడు ఏం పొట్లం కట్టుకున్నాడో.

… ఏం చేస్తాను. అక్క నావంకే చూస్తోంది. పుస్తకం పైకెత్తి పట్టుకుని, చదువుతున్నట్టే, సొంతంగా చెప్పుకుంటూ పోయాను. బీఏ చదివాను కదా, ఆమాత్రం కల్పించలేనా. భర్త పరుగెత్తుకుంటూ వస్తాడు. పెట్టె అందుకుంటాడు. తప్పు నాదే అంటాడు. లోపలికి తీసుకువెళ్లి కూర్చోబెట్టి, తనే కాఫీ కలిపి తెచ్చి ఇస్తాడు. అక్కడ ముగించాను. సీతమ్మ గారు కళ్లు తుడుచుకుంది. అటు చివరి మంచం ఆవిడ 'పోనీలే, బాగుపడ్డాడు' అంది.

… అక్కా? అక్క నవ్వింది. 'కాఫీ దగ్గర దొరికిపోయావే ఎలీసా' అంది. 'ఏ నవల్లో కలిపాడే మొగుడు కాఫీ? ఇటియ్యి పుస్తకం' అని తీసుకుని చూసింది. చిరిగిన అంచుల మీద వేలు పెట్టి రాసింది. కోప్పడలేదు. అదే నాకు… ఆగండి బావా.

… ఏం లేదు. చెప్పండి… లేదు, నేనే చెప్తాను.

… ఆ మర్నాడు పొద్దున్నే. నర్సు పాలు ఇచ్చి వెళ్లింది. రెండు గుక్కలు తాగింది. గోడవైపు తిరిగి పడుకుని, అడిగింది. 'ఆ పిల్లకి బస్సు దొరికే ఉంటుందంటావా?' అని. దొరికే ఉంటుందక్కా, అన్నాను. ఊఁ అంది. ఇంక మాట్లాడలేదు. బట్టలు ఉతుక్కుని వచ్చేసరికి…

… అదే. అదే చివరి మాట. మీరు అడగలేదు గాని, అదే.

… ఏ పిల్లా? నవల్లో పిల్ల. మిమ్మల్ని ఉద్దేశించి కాదు. నిజంగా కాదు బావా. అక్కకి ఎత్తిపొడుపు మాటలు రావు, మీకు తెలియదా.

… అది వేయించమని నేను అనడం లేదు. జనం నవ్వుతారు, నిజమే. సంఘం ముందు అక్కని నవ్వులపాలు చెయ్యను. మీరు రాసింది వద్దంటున్నాను, అంతే.

… ఎవరికి నష్టం? అక్కకా, మీకా?

… ఆదివారం పెద్దలు వస్తారు. పాస్టరు ట్రైనింగుకి ఎవర్ని పంపాలో అనుకుంటున్నారు. మీ పేరు ఉంది. ఇవన్నీ నాకు తెలుసు. మీకు రావాలనే నేనూ కోరుకుంటాను, బోధించడం మీకు చేతవును. కాని అక్క మీకు సిఫారసు ఉత్తరం కాదు.

… పొగరు అనుకోండి. బీఏ పొగరే అనుకోండి. ఆ బీఏ ఎవరు నాట్లు వేస్తే వచ్చిందో నాకు గుర్తుంది. అందుకే అంటున్నాను.

… నాన్న సంగతా. నాన్న కోసమే నేను పట్టుబడుతున్నది. నాన్నకి చదువు రాదు. ఆ కార్డు ఇంటి చూరుకి గుచ్చి పెట్టుకుంటాడు. బడికెళ్లే పిల్లలెవరు దొరికినా పిలిచి చదివించుకుంటాడు. ఉన్నన్నాళ్లూ, మళ్లీ మళ్లీ. కూతురు ఆఖరున ఏమందో నాన్నకి అదే ఆధారం. అక్క అనని మాట నాన్న చెవిలో జన్మంతా పడుతుంటే నేను చూస్తూ కూచోవాలా?

… ఆదివారం జీవిత సంగ్రహం చదవవద్దంటారా. సరే, చదవను. మీరే చదవండి. నేను వెనక బెంచీలో అమ్మ పక్కన కూచుంటాను. అడ్డం లేవను. కాని ఈ కార్డు నా చేతిమీదుగా వెళ్తోంది. దీన్ని నేను వెళ్లనివ్వను.

… ఇవ్వను.

… ఇవ్వను బావా. శోభనాద్రి గారికి ఫోను ఇస్తే మీరు చెప్పినట్టు వేసేస్తాడు. పెద్దమనిషి, కాదనలేడు. అందుకే ఇవ్వను.

… అమ్మా, మళ్లీ మూడు నిమిషాలా… ఏమంటారు బావా?… పొడిగించారా. సరే.

… ఉన్నాను. చెప్పండి… వినపడ్డం లేదు… ఏడుస్తున్నారా? మిల్లు చప్పుడా?… సరే, మిల్లే. చెప్పండి.

…

… ఆఁ. వింటున్నాను. అడగండి.

…

… మీ గురించి అడిగిందా అనా.

…

బావా, ఇది అడగకుండా ఉండాల్సింది. అబద్ధం చెప్పడం ఇప్పుడు నాకూ వచ్చు. అక్కకి చెప్పే దొరికిపోయాను. మీకు చెప్తే మీరు పట్టుకోలేరు. జన్మంతా నమ్ముతారు. అందుకే చెప్పలేను.

… లేదు. అడగలేదు. మీరు వస్తారా అని గాని, ఎందుకు రాలేదని గాని, ఒక్కనాడూ అడగలేదు.

… ఆగండి, పెట్టేయకండి. ఒకసారి తలుచుకుంది. మీరు వచ్చిన రోజు, లోపలికి రాకుండా, ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని వరండాలో నిలబడే ప్రార్థన చేసి వెళ్లారు కదా. చాలాసేపు చేశారు. మీరు వెళ్లాక అంది. 'అంతసేపు నిలబడ్డారు, కాళ్లు లాగి ఉంటాయి. కుర్చీ ఎవరూ వేయలేదటే?' అని. అంతే. వేరే ఏమీ అనలేదు.

… అవును. ఆ మాటలే.

…

హలో… బావా… హలో…

…

పెట్టేశాడండీ.

… లేదు శోభనాద్రి గారూ, ఫర్వాలేదు, కూర్చుంటాను. మంచినీళ్లు వద్దండీ… ఆయన ఏమన్నాడనా. ఏమీ అనలేదు. వద్దనీ అనలేదు, వెయ్యమనీ అనలేదు… ఆఁ, మీరన్నది నిజమే, ఆ లైను తీసేస్తే మధ్యలో ఖాళీ కనపడుతుంది. దాన్ని నింపడానికి పువ్వు బొమ్మలు వద్దు లెండి. రాసుకోండి, చెప్తాను. నెమ్మదిగా చెప్తాను.

'సరోజమ్మ… కోడూరు పున్నయ్య గారి పెద్ద కుమార్తె… గుడివాడ రాజబాబు గారి భార్య…' ఆఁ, ఆయన పేరు ఉండనివ్వండి. 'ఐదవ తరగతి చదివినది. చెల్లెలిని బీఏ చదివించినది. కథలనిన మిక్కిలి ఇష్టపడెడిది. ప్రభువునందు నిద్రించినది…' వేశారా… చివరి మాట అని ఏమీ వద్దండీ. దాని చోట ఇది వేయండి. 'చదువు వచ్చినవారు ఈ కార్డును ఆమె తండ్రికి చదివి వినిపింపవలెను. చదివిన ప్రతిసారి సరోజను జ్ఞాపకము చేసికొనవలెను.'